బావ బరిలోంచి ఎప్పుడు తప్పుకోవాలి?

ప్రశ్న: మా బావ (అక్క భర్త) అమెరికాలో మేముండే రాష్ట్రంలో స్టేట్ హౌస్ (రాష్ట్ర శాసనసభ) సీటుకు డెమొక్రటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ముందస్తు ఎన్నికలో, పోటీ చేస్తున్నాడు. నలుగురు బరిలో ఉన్నారు. రనాఫ్ (మొదటి ఇద్దరి మధ్య రెండో విడత పోలింగ్) లేదు, ఎవరికి ఒక్క ఓటు ఎక్కువొస్తే వాళ్ళదే పార్టీ టికెట్. పోలింగ్‌కు ఇంకా 24 రోజులుంది. మేం చేయించుకున్న ఫోన్ సర్వేలో మొదటి ఆయనకు 34 శాతం, రెండో ఆవిడకు 29, బావకు 11 వచ్చాయి. ప్రచారానికి ట్రెజరర్‌ని నేనే. చందాలు అయిపోయాయి. బావ తన 401కె (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) మీద 45 వేల డాలర్లు అప్పు తీసి పెట్టాడు, అక్కకు తెలియదు. ఇప్పుడు క్రెడిట్ కార్డుల మీద ఇంకో 20 వేలు వాడదామంటున్నాడు. రెండో ఆవిడ మనుషులు ఇంటికొచ్చి, తప్పుకుని మద్దతివ్వమని అడిగి వెళ్ళారు. బావ మాత్రం "రీగన్ తప్పుకున్నాడా? బైడెన్ తప్పుకున్నాడా?" అంటాడు. "మధ్యలో మానేస్తే మనవాళ్ళు అమ్ముడుపోయాడంటారు" అని కూడా అంటాడు. నేను తప్పుకోమని చెప్పాలా? చెబితే ఎప్పుడు?
— ఒక బావమరిది

జవాబు: మీ ఉత్తరం అందిన రోజే రాస్తున్నాను. 24 రోజులంటున్నారు కాబట్టి వచ్చే వారం రాస్తే ఈ జవాబు ఎందుకూ పనికిరాదు.

మీ బావగారు చెప్పిన రెండు పేర్లూ మంచివే. అమెరికాలో వెనకబడ్డ అభ్యర్థి ఎవరైనా సరే, నిద్ర పట్టని రాత్రి తలుచుకునేది ఆ ఇద్దరినే. అందుకని ముందు వాళ్ళ సంగతి చూసి, తర్వాత మీ 11 శాతం దగ్గరకు వద్దాం.

1976లో రిపబ్లికన్ అధ్యక్ష ప్రైమరీల్లో రీగన్ పోటీ పడింది పదవిలో ఉన్న సొంత పార్టీ అధ్యక్షుడు ఫోర్డ్‌తో. న్యూహాంప్‌షైర్‌లో కొద్ది తేడాతో ఓడాడు. ఫ్లోరిడా పోయింది, ఇల్లినాయ్ పోయింది. ప్రచారం అప్పుల్లో పడింది. ఇక చాలు, తప్పుకోమని పార్టీ పెద్దలు బయటికే అనేశారు. ఆయన నార్త్ కరోలినా దాకా ఆగాడు. అక్కడ సెనేటర్ జెస్సీ హెల్మ్స్ మనుషులు ముందునుంచీ పని చేస్తున్నారు. రీగన్ అరగంట ప్రసంగాన్ని రాష్ట్రంలోని టీవీ స్టేషన్లలో వేయించారు. మార్చి 23న అక్కడ గెలిచాడు. అక్కణ్ణుంచి పోరు ఆగస్టులో కాన్సస్ సిటీలో జరిగిన పార్టీ మహాసభ దాకా సాగింది.

మీ బావగారు ఈ కథ చెప్పేటప్పుడు చివరి ముక్క మింగేస్తున్నారని నా అనుమానం. కాన్సస్ సిటీలో పార్టీ ప్రతినిధుల (డెలిగేట్ల) ఓట్లు ఫోర్డ్‌కు 1,187, రీగన్‌కు 1,070. అంటే రీగన్ ఓడిపోయాడు. ఆయన అధ్యక్షుడైంది నాలుగేళ్ళ తర్వాత, ఇంకో ఎన్నికలో.

2020లో బైడెన్‌ది వేరే కథ. అయోవాలో నాలుగో స్థానం, న్యూహాంప్‌షైర్‌లో ఐదో స్థానం. న్యూహాంప్‌షైర్‌లో లెక్కింపు పూర్తి కాకముందే ఆయన సౌత్ కరోలినాకు వెళ్ళిపోయాడు. అక్కడి డెమొక్రటిక్ ప్రైమరీలో సగానికి పైగా ఓటర్లు నల్లజాతివాళ్ళు. ఒబామా పక్కన ఎనిమిదేళ్ళు ఉపాధ్యక్షుడిగా ఉన్న మనిషి కాబట్టి వాళ్ళు తనను వదులుకోరని ఆయన నమ్మకం. పోలింగ్‌కు మూడు రోజుల ముందు అక్కడి కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ మద్దతు ప్రకటించాడు. ఫిబ్రవరి 29న దాదాపు సగం ఓట్లు బైడెన్‌కే పడ్డాయి.

ఇద్దరూ వెనకబడి ఉన్న రోజుల్లో కూడా ఇద్దరి దగ్గరా ఒక చోటు పేరు, ఒక తేదీ ఉన్నాయి. ఫలానా రోజున ఫలానా చోట, ఫలానా వాళ్ళ వల్ల లెక్క మారుతుందని చెప్పగలిగారు. మీరు మీ బావగారిని అడగాల్సింది కూడా అదే. "గెలుస్తావా బావా?" అని మాత్రం అడగకండి. డిపాజిట్ పోయేవాడు కూడా గెలుస్తాననే అంటాడు. "ఏ రోజు, ఏం జరిగితే, ఈ పదకొండు ముప్పై అవుతుంది?" అని అడిగి, ఆయన జవాబు చెప్పేదాకా మాట్లాడకుండా కూర్చోండి. ఎవరైనా పెద్ద యూనియన్ మద్దతు వస్తుందా? స్థానిక పత్రిక ఎవరినైనా సిఫారసు చేసే రోజు దగ్గర్లో ఉందా? రెండో ఆవిడే తప్పుకునే అవకాశం ఉందా? ఇలాంటిదేదైనా ఉంటే ఆ రోజు దాకా ఆగండి, తర్వాతి సంగతి ఆ సాయంత్రం చూడండి. "ఇంకా గట్టిగా తిరుగుదాం" అనేది మాత్రం జవాబు కిందకు రాదు. నేనూ ఒకప్పుడు క్లిప్‌బోర్డు పట్టుకుని తిరిగాను. వంద తలుపులు తడితే తీసేది పాతిక మంది, వాళ్ళలో నిలబడి మాట వినేది పది మంది, ఇంకో ఇద్దరు తమ కుక్కను చూపించి లోపలికి వెళ్ళిపోతారు.

పైగా అధ్యక్ష ప్రైమరీకీ మీ ప్రైమరీకీ పోలిక సరిగ్గా కుదరదు. అక్కడ ఐదు నెలల పాటు ఒక్కో రాష్ట్రం ఓటేస్తూ వెళ్తుంది. ఇవాళ ఓడినవాడికి మూడు వారాల తర్వాత ఇంకో రాష్ట్రం ఉంటుంది. మీకున్నది ఒకే ఒక్క రోజు. మీ బావగారికి సౌత్ కరోలినా అనేది లేదు.

ఇలా చెబుతున్నానని, వెనకబడ్డవాళ్ళంతా వెంటనే దిగిపోవాలనేవాళ్ళలో నన్ను కలపకండి. 2008లో హిలరీ క్లింటన్‌ను తప్పుకోమని గోల చేసినప్పుడు నాకు కోపం వచ్చింది. ఒబామా ఫిబ్రవరిలో వరసగా పదకొండు చోట్ల గెలిచాక ఆవిడ వెనకబడిందన్న మాట నిజమే. డెమొక్రాట్ల పద్ధతిలో 15 శాతం దాటిన ప్రతివాళ్ళకూ ఓట్ల దామాషాలో డెలిగేట్లు వస్తారు కాబట్టి, ఒకసారి వెనకబడితే గెలిచినా తేడా తరగదు. టెక్సాస్ ప్రైమరీలో ఆవిడకే ఎక్కువ ఓట్లు వచ్చాయి. అదే రాష్ట్రంలో జరిగిన కాకస్‌లను (పార్టీ ఓటర్లు ఒకచోట కూడి అభ్యర్థిని ఎంచుకునే సభలను) కూడా కలిపితే డెలిగేట్లు ఎక్కువ వచ్చింది ఒబామాకు. మార్చి నెలాఖరుకు సెనేటర్ పాట్రిక్ లేహీ ఆవిడ తప్పుకోవాలని బహిరంగంగా అన్నాడు. అప్పటికి పెన్సిల్వేనియా ఓటెయ్యలేదు, ఇండియానా ఓటెయ్యలేదు, నార్త్ కరోలినా కూడా ఓటెయ్యలేదు.

ఆ ఏడు మే నెలలో నేను ఇండియానాలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. ఎదురింట్లో ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడకు ఊహ తెలిశాక ఇండియానా ప్రైమరీకి విలువ ఉన్నది 1968లో, రాబర్ట్ కెనెడీ వచ్చినప్పుడట. తర్వాత నలభై ఏళ్ళు, తమ వంతు వచ్చేసరికి ఎప్పుడూ అంతా తేలిపోయి ఉండేదట. ఆ మే నెలలో రెండు వర్గాల కుర్రాళ్ళూ ఆవిడ తలుపు తట్టారు. ఆవిడ ఇద్దరికీ నిమ్మరసం ఇచ్చి, ఇద్దరి కరపత్రాలూ ఫ్రిజ్‌కు అంటించి, పోలింగ్ రోజు ఉదయాన్నే లిప్‌స్టిక్ వేసుకుని బయల్దేరింది. ఎవరికి వేసిందో చెప్పలేదు. ఆ రాత్రి లేక్ కౌంటీ లెక్క ఆలస్యమై, ఆవిడ ఇంట్లో లైటు పన్నెండు దాటినా వెలుగుతూనే ఉంది. క్లింటన్ సుమారు 14 వేల ఓట్లతో గట్టెక్కింది. లేహీ మాట విని ఉంటే ఆ లైటు తొమ్మిదింటికే ఆరిపోయేది. ఇంకో సంగతి: నవంబరులో ఒబామా ఇండియానా గెలిచాడు. 1964 తర్వాత డెమొక్రాట్లు అక్కడ గెలవడం అదే మొదలు. వసంతకాలంలో రెండు వైపులా తిరిగి ఓటర్లను చేర్పించినందువల్ల కూడా అది జరిగింది.

కాబట్టి ఇద్దరే మిగిలిన పోటీలో, ఇంకా ఓటెయ్యనివాళ్ళు ఉండగా, వెనకబడ్డ మనిషి చివరిదాకా ఉండటంలో నాకు తప్పు కనిపించదు. ఉండి ఏం మాట్లాడుతున్నారన్నది మాత్రం చూడాలి. తెల్లవారుజామున మూడింటికి వైట్‌హౌస్‌లో ఫోన్ మోగితే ఎవరు ఎత్తాలి అంటూ ఆవిడ వేయించిన టీవీ యాడ్ నాకు నచ్చలేదు. అది రేపు అవతలి పార్టీ వాడుకోగల రాయి. ఆ రాయి వేయకుండా కూడా చివరిదాకా ఉండొచ్చు.

మీ దగ్గర పరిస్థితి వేరు. నలుగురున్నారు, రనాఫ్ లేదు. మొదటి ఆయనకూ రెండో ఆవిడకూ మధ్య ఉన్నది ఐదు శాతం. మీ బావగారి చేతిలో ఉన్నది పదకొండు. ఆయన గెలవలేకపోవచ్చు గానీ ఎవరు గెలవాలో తేల్చగలరు, తేల్చబోతున్నారు కూడా, ఉన్నా తప్పుకున్నా. అందుకే ఆయన్ను అడగాల్సిన రెండో ప్రశ్న ఇది: ఆ ఇద్దరిలో ఎవరు గెలిచినా నీకు ఒకటేనా?

ఒకటే అయితే తొందరేం లేదు. డబ్బు ఆపేసి, పేరు బ్యాలెట్ మీద ఉంచి, మిగిలిన సభలకు వెళ్ళి చెప్పాలనుకున్నది చెప్పి రానివ్వండి. ఎవరికీ నష్టం లేదు. ఒకటి కాదు, మొదటి ఆయన గెలిస్తే మీ బావగారి గుండెల్లో కలుక్కుమంటుందీ అంటే, ఇవాళే తప్పుకోవాలి, వారం తర్వాత కాదు. ఎందుకో చెబుతాను.

2020 మార్చి 1, ఆదివారం. సౌత్ కరోలినా ఫలితం వచ్చిన మర్నాడు. బైడెన్‌తో పోటీలో ఉన్న పీట్ బుటిజెజ్ డల్లాస్‌కు వెళ్ళాల్సినవాడు, ఆ విమానాన్ని సొంత ఊరు సౌత్‌బెండ్‌కు మళ్ళించి, ఆ రాత్రే ప్రచారం ఆపేశానని ప్రకటించాడు. సోమవారం ఇంకో పోటీదారు ఎమీ క్లోబుచార్ కూడా ఆపేసింది. ఆ సాయంత్రం డల్లాస్‌లో ఇద్దరూ బైడెన్‌కు మద్దతు చెప్పారు. మంగళవారం సూపర్ ట్యూస్‌డే, చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటేసే రోజు. క్లోబుచార్ సొంత రాష్ట్రం మిన్నెసోటాలో ఆవిడ ఉండి ఉంటే ఆవిడకు పడాల్సిన ఓట్లు చాలావరకు బైడెన్‌కు మళ్ళి ఆ రాష్ట్రం ఆయన గెలిచాడు. నలభై ఎనిమిది గంటల్లో ఇద్దరు తప్పుకుంటే పార్టీ పోటీ రూపమే మారిపోయింది. నాలుగేళ్ళ ముందు రిపబ్లికన్ల దగ్గర పదిహేడు మంది నిలబడి, ముందు పక్కవాడు దిగితే బావుణ్ణని ఎవరికి వాళ్ళు కూర్చున్నారు. ఆ కథ ట్రంప్ గెలుపుతో ముగిసిందని మీకు తెలుసు.

కానీ అదే మంగళవారం కాలిఫోర్నియాలో, అప్పటికే తప్పుకున్న బుటిజెజ్‌కు రెండు లక్షల పైచిలుకు ఓట్లు వచ్చాయి. వాళ్ళలో చాలామంది పోస్టులో ముందే ఓటేసి పంపేసినవాళ్ళు. రిపబ్లికన్ ప్రైమరీల్లో నిక్కీ హేలీ 2024 మార్చి 6న ప్రచారం ఆపేసినా, రెండు నెలల తర్వాత ఇండియానాలో ఆవిడ పేరు మీద 20 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. పేరు బ్యాలెట్ మీద ఉన్నంతకాలం ఓట్లు పడుతూనే ఉంటాయి. మీ బావగారి పేరు తీయించే గడువు ఈపాటికి దాటిపోయే ఉంటుంది. ఇంటికొచ్చే బ్యాలెట్లు కూడా కొందరికి అందే ఉంటాయి. మీ గుడి వాట్సాప్ గ్రూపులో వాళ్ళు శనివారం రాత్రి భోజనాల బల్ల మీద నీలం ఇంకు పెన్నుతో ఆ గుండ్రం నింపి, ఫోటో తీసి, "అన్నా, వేసేశాం" అని పెట్టడం మొదలైందా? అయితే ప్రతి రోజు ఆలస్యానికీ అలాంటి కవర్లు ఇంకొన్ని పోస్టు డబ్బాలో పడుతున్నాయన్నమాట. ఓటేసి పంపాక మార్చుకునే వీలు కొన్ని రాష్ట్రాల్లోనే ఉంది. మీ రాష్ట్రం సంగతి కౌంటీ ఎన్నికల ఆఫీసుకు ఫోన్ చేస్తే చెబుతారు, రేపు ఉదయమే కనుక్కోండి.

ఇక "అమ్ముడుపోయాడంటారు" అన్న మాట. ఉత్తరంలో అన్నిటికన్నా నిజమైన వాక్యం అదే అనిపించింది నాకు. మీ బావగారికి ఓటమి భయం లేదు, ఈ భయం ఉంది. అది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మన దగ్గర నామినేషన్ల ఉపసంహరణ చివరి రోజు మధ్యాహ్నం మూడింటితో ముగుస్తుంది. ముందు రెండు రోజులు రెబల్ అభ్యర్థి ఇంటి ముందు కార్లు ఆగుతాయి, పెద్దమనుషులు లోపల తలుపేసుకుని మాట్లాడతారు. మూడయ్యాక రచ్చబండ దగ్గర మిగిలేది ఒకటే ప్రశ్న: "ఎంత ముట్టిందట?" అది వింటూ పెరిగిన మనిషికి తప్పుకోవడమంటే కవరు అందుకోవడమే. డల్లాస్‌లో ఉన్నా డెట్రాయిట్‌లో ఉన్నా ఆ చెవులు అవే.

అందుకని తప్పుకోవడం ఎలా అన్నది, ఎప్పుడు అన్నదానికన్నా మీ ఇంట్లో ముఖ్యం. రెండో ఆవిడ మనుషులతో తలుపేసుకుని ఇంకో మీటింగ్ వద్దు. పదవి, కమిటీలో చోటు, ఏ మాటా రానివ్వొద్దు. ఫెడరల్ ఎన్నికల్లో అయితే పదవి ఇస్తానని మాటిచ్చి మద్దతు తీసుకోవడం నేరం. మీ రాష్ట్రంలో చట్టం ఏమంటుందో ఎన్నికల లాయర్‌ను అడగండి. అప్పు తీర్చడానికి సాయం చేస్తామంటే అది కూడా నలుగురికీ కనిపించేలా, చందాల పరిమితికి లోబడి జరగాలి. క్లింటన్ అప్పుల కోసం ఒబామా 2008 జూన్‌లో తన దాతలనే అడిగాడు. ఆయనా మిషెల్ చెరొక 2,300 డాలర్ల చెక్కు రాశారు. అప్పట్లో ఒక మనిషి ఇవ్వగలిగే గరిష్ఠం అంతే. లోకమంతా చూసింది, అమ్ముడుపోయిందని ఎవరూ అనలేదు.

ముందు ఫోన్ చెయ్యాల్సింది ఎదుటి అభ్యర్థికి కాదు, డబ్బిచ్చినవాళ్ళకు. వంద డాలర్లు ఇచ్చిన రిటైర్డ్ మాస్టారుకూ, వారాంతాల్లో పిల్లల్ని వెంటేసుకుని తిరిగినవాళ్ళకూ ఈ సంగతి మీ బావగారి నోటినుంచే వినపడాలి, వాట్సాప్ ఫార్వర్డ్‌లో కాదు. ఎక్కువ చెప్పక్కర్లేదు. "నేను గెలిచే దారి కనపడటం లేదు. నేనుంటే ఫలానావిడకు నష్టం, ఆవిడ గెలిస్తే మన బడుల సంగతి పట్టించుకుంటుందని నా నమ్మకం. నాకెవరూ ఏమీ ఇస్తామనలేదు, నేను అడగలేదు." ఈ మూడు వాక్యాలు చాలు. తెలుగులో చెప్పమనండి. ఆయన గొంతు ఇంగ్లీషులో ప్రకటన చదివేటప్పటి గొంతులా ఉండదు.

ఆయన రాజకీయ జీవితం ఇంతటితో సరి అని కూడా అనుకోకండి. కమలా హారిస్ 2019 డిసెంబరు 3న, ఒక్క రాష్ట్రం కూడా ఓటెయ్యకముందే, డబ్బు లేదని చెప్పి తప్పుకుంది. ఎనిమిది నెలల తర్వాత ఉపాధ్యక్ష అభ్యర్థి అయింది. అటు చూస్తే మన అరుణా మిల్లర్ ఉంది. హైదరాబాద్‌లో పుట్టి ఏడేళ్ళప్పుడు అమెరికా వెళ్ళింది. 2018లో మేరీల్యాండ్ ఆరో కాంగ్రెస్ డిస్ట్రిక్ట్ ప్రైమరీలో, సొంత డబ్బు కోటి డాలర్లకు పైగా కుమ్మరించిన డేవిడ్ ట్రోన్‌కు ఎదురు నిలిచి, చివరిదాకా ఉండి, రెండో స్థానంలో ఓడింది. 2023లో అదే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేసింది. ఒకామె దిగింది, ఒకామె ఉంది. ఆ తర్వాత జనం ఇద్దరినీ పిలిచారు.

ఇప్పుడు డబ్బు. దీన్ని చివరన పెట్టాను గానీ మీరు మొదట చెయ్యాల్సింది ఇదే. ఆ క్రెడిట్ కార్డుల 20 వేలు వద్దు. ట్రెజరర్‌గా ఆ చెక్కుల మీద మీరు సంతకం పెట్టనని చెప్పండి. బావగారు అలిగితే అలగనివ్వండి, ఎన్నికలయ్యాక మళ్ళీ పండక్కి మాట్లాడుకోవచ్చు. ఓడిన అభ్యర్థి తన ప్రచారానికి ఇచ్చిన అప్పు తిరిగి రావడం కల్ల. క్లింటన్ అంతటి మనిషి సొంత డబ్బు కోటి డాలర్లకు పైగా పెట్టి, చివరికి దాని మీద ఆశ వదులుకుంది. ఆవిడ తట్టుకుంది, మీ అక్కగారి ఇల్లు తట్టుకుంటుందా? 401కె అప్పుకు ఇంకో చిక్కుంది: ఈలోగా ఉద్యోగం పోయినా మారినా మిగిలిన బాకీ త్వరగా కట్టెయ్యాలి, కట్టకపోతే దాన్ని ఆదాయంగా లెక్కేసి పన్ను వేస్తారు, వయసును బట్టి పెనాల్టీ కూడా.

అక్కకు తెలియదంటున్నారు. మీరు సంతకం చేసి దాఖలు చేసిన ప్రచార జమాఖర్చుల రిపోర్టులో "అభ్యర్థి ఇచ్చిన అప్పు" అని ఒక వరస ఉంటుంది కదా. అది ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. మొదటి ఆయన మనుషులు ఈపాటికి చూసే ఉంటారు. రెండో ఆవిడ మనుషులు మీ ఇంటికి వచ్చేముందు చూసే వచ్చి ఉంటారు. ఊళ్ళో ఆ 45 వేల సంగతి తెలియంది మీ అక్కగారికి ఒక్కరికే.

ఈ సాయంత్రం బావగారినే చెప్పమనండి, మీరు చెప్పకండి. ఆయన చెప్పే టైముకు మీరు ఆ గదిలో ఉండొద్దు. గ్యారేజీలోకి వెళ్ళి మిగిలిన యార్డ్ సైన్లు (ఇళ్ళ ముందు పాతే ప్రచార బోర్డులు) ఎన్నున్నాయో లెక్కపెడుతూ ఉండండి, పిలిచినప్పుడు రండి.